ఆరో నంబరు క్లిప్పు

మోటార్లకు వైండింగ్ చేసి బతికిన మేస్త్రిని, అరవై ఎనిమిదేళ్ల వాడిని అయిన నేను, ఎవరి బలవంతమూ బెదిరింపూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. మతి సరిగ్గానే ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం దీనికి జతపరిచాను. కాలేయం మాత్రం పూర్తిగా చెడింది, నాలుగు నెలలకు మించి చెప్పలేనని అదే డాక్టరు అదే పెన్నుతో రాశాడు. నా కోపం గురించి ఆయన ఏమీ రాయలేదు. నలభై ఏళ్లుగా వీధి వీధంతా నన్ను చిటపట మేస్త్రి అని పిలుస్తోంది కనుక దానికి వేరే రుజువు అక్కర్లేదు. ఇంతకుముందు నేను రాసిన రెండు వీలునామాలూ ఇక చెల్లవు. రెండూ ఎవరినో ఒకరిని ఏడిపించాలని రాసినవే.

దీన్ని అమలుచేసే బాధ్యత మందుల షాపు యజమానిది. ఆయన మేం రిమోట్‌తో బొమ్మ విమానాలు ఎగరేసే మైదానానికి సెక్రటరీ కూడా. ఇన్నేళ్లలో నేను ఆయన కాలరు మూడుసార్లు పట్టుకున్నాను, ఒకసారి చొక్కా చించాను. అయినా ఈ పనికి ఒప్పుకున్నాడంటే మహా మంచివాడైనా అయివుండాలి, నేను పోవడం దగ్గరుండి చూడాలన్న సరదా అయినా ఉండాలి.

1. ఇల్లు, దాని కింద ఉన్న వైండింగ్ షాపు, అందులోని సామాను మొత్తం నా భార్యకు చెందాలి. షరతులేవీ లేవు. ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, నాలుగో అంశం విన్నాక తగలబెట్టుకోవచ్చు.

2. నా సన్నపని సామాను, అంటే చిన్న ఆకురాళ్లు, చేతి డ్రిల్లు, పట్టుకార్లు, విమానం రెక్కలకు ప్లాస్టిక్ పొర అంటించే చిన్న ఇస్త్రీపెట్టె, ఇవన్నీ నా కూతురికి. తను పళ్లు కట్టే ల్యాబులో పనిచేస్తుంది కనుక వీటి విలువ తనకే తెలుసు. నీకు తొమ్మిదేళ్లప్పుడు నువ్వు నా విమానం రెక్కకు పొర అంటిస్తుంటే ఒక బుడగ వచ్చింది. ఒక్కటంటే ఒక్కటే. నేను ఆ రెక్కను మోకాలికేసి రెండు ముక్కలు చేశాను. నువ్వు ఏడవలేదు తల్లీ. లోపలికి వెళ్లి ఇంకో రెక్క తెచ్చి నా ముందు పెట్టి, మళ్లీ మొదలుపెట్టావు. ఆ పూట నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ మాట నీకు చెప్పివుండాల్సింది.

3. నా పదకొండు విమానాల్లో ఎగరగలిగినవి ఏడు. అవి మైదానానికి ఇస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లు వాటితో నేర్చుకోవచ్చు, పడేసినా ఫరవాలేదు, వాళ్లను తిట్టడానికి నేనుండను. విరిగిన ప్రొపెల్లర్లన్నీ గోనెసంచిలో ఉన్నాయి. అది డ్రాయింగు మాస్టారికి. ఆయన ఒకసారి నలుగురిలో, నేను విమానం దించుతున్నానో సిమెంటు బస్తా దించుతున్నానో తెలియడం లేదన్నాడు. బస్తా అన్నాడుగా, తీసుకోమనండి.

అలమారలో పైఅరలో ఉన్న పెద్ద ఇంజను మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. దిమ్మె మీద పెట్టి పది పౌన్ల సుత్తితో పొడి చెయ్యాలి. దాని ప్రొపెల్లరు కర్రతో తిప్పి స్టార్ట్ చెయ్యమని అందరూ చెప్పారు. నేను మగాణ్ణి కదా, వేలితో తిప్పాను. అది ఎదురు తన్ని కుడిచేతి చూపుడువేలు రెండో కణుపు దగ్గర కోసేసింది. రక్తం కారుతుంటే నేను ముందు చేసిన పని వేలు వెతకడం కాదు, ఇంజను ఊడబీకి బండకేసి కొట్టడం. తీరా వెతికేసరికి వేలికి చీమలు పట్టాయి. ఈ అక్షరాలు వంకరగా ఉన్నది అందుకే.

4. నా భార్య తమ్ముడు, వెల్డింగు పనిచేసే నా బావమరిదికి నేను ఇవ్వాల్సింది వస్తువు కాదు. నిజం.

పంతొమ్మిదేళ్లుగా ఇంటిల్లిపాదీ నమ్ముతున్నది ఇది: విమానంలో సిగ్నలు అందుకునే బ్యాటరీకి వాడు ఛార్జింగు పెట్టకుండా ఎగరేశాడు, గాల్లో అది అదుపు తప్పింది, సొంత అక్క ఎడమ కన్ను పోగొట్టాడు. ఇది పచ్చి అబద్ధం. పుట్టించింది నేను.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. ఆ రోజుల్లో మా రిమోట్లకు నంబర్లు ఉండేవి. ఒకే నంబరు రిమోట్లు రెండు ఒకేసారి ఆన్ అయితే గాల్లో ఉన్న విమానం ఎవరి మాటా వినదు. అందుకని మైదానంలో ఒక చెక్కబోర్డు, దానికి నంబర్లు రాసిన బట్టల క్లిప్పులు ఉండేవి. ఎగరేసేవాడు తన నంబరు క్లిప్పు తీసి రిమోట్ ఏరియల్‌కు తగిలించుకోవాలి. బోర్డు మీద నీ క్లిప్పు లేకపోతే నీ రిమోట్ స్విచ్చి నువ్వు ముట్టుకోకూడదు. మా ఇద్దరిదీ ఆరో నంబరు. ఒకే రోజు ఒకే షాపులో కొనుక్కున్నాం. వాడు ఎగరేస్తుంటే నేను కూర్చునేవాణ్ణి, నేను ఎగరేస్తుంటే వాడు కూర్చునేవాడు. అంత స్నేహం మాది.

ఆ రోజు సున్నంతో గీసిన గుండ్రంలో విమానాన్ని దించే పోటీ. నాది గుండ్రం అవతల ముక్కు గుద్దుకుని చక్రాలు ఊడాయి. వాడు నవ్వుతూ “ఏం బావా, నేలతో ఏమన్నా పాతపగ ఉందా?” అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నా భార్య.

తర్వాతి వంతు వాడిది. వాడు ఎగరేస్తుండగా నేను షెడ్డు వెనక్కి వెళ్లాను. ఆరో నంబరు క్లిప్పు వాడి ఏరియల్‌కు ఉందని నాకు తెలుసు. వాడి విమానం పైన ఉందని తెలుసు. తెలిసే నా రిమోట్ ఆన్ చేశాను. విమానం ఖాళీ నేల మీద పడి ముక్కలవ్వాలి, వాడి నోరు మూతపడాలి, అంతే అనుకున్నాను. అది తలకిందులై, నా భార్య కూర్చున్న టెంటు వైపు తిరిగింది. “ఆరు ఎవరు ఆన్ చేశారు? ఆపండి! అక్కా, పడుకో! కింద పడుకో అక్కా!” అని వాడు అరుస్తున్నాడు. ఆ అరుపు నాకు స్పష్టంగా వినబడింది. విన్నాక కూడా నేను స్విచ్చి కట్టెయ్యలేదు. చెయ్యి బిగుసుకుపోయిందని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. బిగుసుకుపోలేదు. ఇంకొంచెం పడనీ అనుకున్నాను. నాలుగు కిలోల విమానం వచ్చి ఆమె ముఖానికి కొట్టింది. ప్రొపెల్లరు ఇంకా తిరుగుతూనే ఉంది.

రిమోట్ ఆపేసి పెట్టెలో పడేసి పరిగెత్తాను. భార్య దగ్గరికి కాదు, వాడి దగ్గరికి. పిడికిలితో దవడ మీద గుద్దాను. పడ్డాక బూటుకాలితో తన్నాను. దవడ విరిగింది, ముందుపళ్లు రెండు రాలాయి. నలుగురు కలిసి లాగితే గానీ వదల్లేదు. కొడుతున్నంతసేపూ తప్పు వాడిదేనని నాకే అనిపించింది. అందుకే ఆపలేదు.

ఆమెను ఆపరేషను గదిలోకి తీసుకెళ్లాక నేను మైదానానికి తిరిగొచ్చాను. ముక్కల్లోంచి వాడి నిండు బ్యాటరీ తీసేసి నా ఖాళీ బ్యాటరీ పెట్టాను. వారం తర్వాత మైదానం కమిటీ ముందు దానికి మీటరు పెడితే ముల్లు లేవలేదు. ఆరు ఎవరో ఆన్ చేశారన్న వాడి అరుపు సాకు కిందే లెక్కయింది. వాడి దవడకు తీగలు కట్టి ఉన్నాయి, నోరు తెరవలేడు. “ఛార్జింగు పెట్టాను” అని కాగితం మీద రాసి ఒక్కొక్కరికీ చూపించాడు. ఎవరూ నమ్మలేదు. మైదానం నుంచి గెంటేశారు. అక్క గడప తొక్కనివ్వలేదు. మా ఇంట్లో వాళ్ల తల్లి పోయిన రోజున వాడు వీధిలోనే నిలబడి చూసి వెళ్లిపోయాడు. నేను కిటికీ తెర లాగాను.

కొన్నేళ్లకు వాడే, నిజంగానే ఛార్జింగు పెట్టడం మర్చిపోయానేమో అనడం మొదలుపెట్టాడట. ఆ మాట నా చెవిన పడింది. అప్పుడూ నేను నోరు విప్పలేదు. ఒరేయ్, నువ్వు ఛార్జింగు పెట్టావు. నిండుగా పెట్టావు. ఆ బ్యాటరీ తీసింది నా చేతులే, నేనే చూశాను.

5. నా కూతురికి ఒక పని అప్పగిస్తున్నాను. ఇది బతిమాలడమే, ఆజ్ఞ కాదు. మీ మావయ్యకు ఆ రెండు పళ్లూ నీ చేత్తో కట్టి పెట్టు. ఇన్నాళ్లూ వాడు చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతున్నాడని విన్నాను.

6. ఈ వీలునామాను నేను పోయాకే విప్పి చదవాలని మొదట రాశాను. ఆ వాక్యం కొట్టేశాను, కొట్టివేత కింద పొడి అక్షరాలు కూడా పెట్టాను. సెక్రటరీ చిత్తుప్రతి చదివాడు. “నువ్వు చచ్చాక చదివితే ఆవిడ ఎవర్ని కొట్టాలయ్యా? నీ ఫొటోనా?” అన్నాడు. నాలుగోసారి కాలరు పట్టుకోబోయాను. కానీ ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఇన్నాళ్లూ దాక్కున్నది చాలక, కాటికి వెళ్లి కూడా దాక్కుందామని చూశాను.

కనుక వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి ముందుగదిలో భార్య, కూతురు, బావమరిది, సాక్షులు ఉండగా నేనే పైకి చదువుతాను. చదివాకే సంతకం చేస్తాను. నన్ను క్షమించాలని ఏ అంశంలోనూ అడగలేదు, అడగను. ఎవరు ఏం చేసినా, ఎంత కొట్టినా, పై పంపకాల్లో ఒక్క అక్షరం మారదు. పోలీసులకు ఫిర్యాదు ఇవ్వను.

రాసిన తేదీ: ఈ నెల పద్నాలుగు, బుధవారం.
అంగీకరించిన తేదీ: ఈ నెల పద్దెనిమిది, ఆదివారం.

(ఎడమచేతి బొటనవేలి ముద్ర)
వైండింగ్ మేస్త్రి

సాక్షులు రాసింది: మేస్త్రి పై మాటలన్నీ మా ఎదుట తానే చదివారు, మా ఎదుటే ముద్ర వేశారు. సంతకం చేయలేకపోయినది కుడిచేతి మణికట్టు విరిగినందువల్ల. కారణం దాచకుండా రాయమని ఆయనే కోరారు. నాలుగో అంశం పూర్తి కాగానే ఆయన భార్య పక్కనున్న ఇనుపస్టూలు ఎత్తి కొట్టారు. మొదటి దెబ్బకు ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. రెండోదానికి చెయ్యి దించేసి తల వంచారు. ఆ దెబ్బ పడలేదు. ఆమె తమ్ముడు వెనకనుంచి ఆమె రెండు చేతులూ పట్టుకుని “వద్దక్కా” అన్నారు. ఆమె స్టూలు వదిలేసి, తమ్ముడి మొహం తన వైపు తిప్పుకుని, నోరు తెరవమని, పళ్లు లేని చోటును వేలితో తడిమి చూసి, అక్కడే కూలబడి ఏడ్చారు. మిగతా రెండు అంశాలూ మేస్త్రి డాక్టరు దగ్గర కట్టు కట్టించుకుని వచ్చాక చదివారు. అప్పటిదాకా ఆ గదిలోంచి ఇంటివాళ్లెవరూ వెళ్లలేదు.

1. మందుల షాపు యజమాని, మైదానం సెక్రటరీ
2. ఎదురింటి టైలరు