నలభై సెకన్ల వల

6 ఫిబ్రవరి 1989, రాత్రి 8.10

వార్తల మధ్యలో మా టీవీ రిలే స్టేషన్ సిగ్నల్‌ని ఎవరో కొట్టేశారు. నలభై సెకన్లపాటు పోర్ట్ బ్లెయిర్ అంతా న్యూస్ రీడర్‌కి బదులు రెండు చేతుల్ని చూసింది. చిరిగిన వలకు ముడులు వేస్తున్న చేతులు. మాట లేదు, మొహం లేదు. డ్యూటీ ఇంజినీర్‌ని నేను. వారంలో పట్టుకోకపోతే నా పేరు గురునాథం కాదు.

7 ఫిబ్రవరి

జంగ్లీఘాట్ జోగులు. ఇంకెవరు? జాలరి, పైగా పడవల వైర్‌లెస్ సెట్లు బాగుచేసేది వాడొక్కడే. పేరు రాసిచ్చాను. సాయంత్రానికి పోలీసులు తీసుకెళ్లారు.

9 ఫిబ్రవరి

మెయిన్‌లాండ్ నుంచి ఎంక్వైరీ ఆఫీసర్ దిగాడు. ప్రూఫ్ అడిగాడు. రికార్డింగ్ ఉంది సార్, ఏ ఇంటి ముడి ఆ ఇంటిదే, జాలర్లు చూడగానే చెప్పేస్తారు అన్నాను. మా నాన్నా వల లాగినవాడే, నాకు తెలియదా?

10 ఫిబ్రవరి

టీవీ, వీసీఆర్ ఆటోలో వేసుకుని జోగులు ఇంటికి వెళ్లాం. వాడి తల్లి, పేరు తాతమ్మ, తెర దగ్గరికి జరిగి చూసి, మావోడి సెయ్యే బాబూ, పక్కా, అంత సక్కటి ముడి ఇంకెవడేస్తాడు అని మురిసిపోయింది. ఆఫీసర్ రాసుకున్నాడు. గెలిచేశాననుకున్నాను.

అప్పుడు పక్కింటి మల్లేశు నవ్వాడు. జోగులుగాడి మొహానికి ఆ ముడా, అది నా సెయ్యి అన్నాడు. నూకన్న వాణ్ని తోసేసి తనదన్నాడు. అప్పలరాముడు వల తెచ్చి ముడి వేసి చూపించాడు. గంటలో పదకొండు మంది! మంచి ముడిని ఇంకొకడికి వదిలే జాలరి పుట్టలేదని మరిచిపోయాను. ఇది నేరంరా బాబూ అన్నా ఒక్కడూ వినడే. తాతమ్మ అందరితో పోట్లాడింది, ఆ పేరు కొడుక్కే దక్కాలని. జైలు సంగతి ఆమెకు తట్టనే లేదు.



11 ఫిబ్రవరి, ఉదయం 6

ఆఫీసర్‌కి ఒక్క పేరు చాలట. తల్లే చెప్పింది కాబట్టి జోగులేనట. ఆమెతో ఆ మాట అనిపించింది నేను. సిగ్గుగా ఉంది. వాడు చేశాడో లేదో నిజానికి నాకు తెలియదు.

అదే రోజు, మధ్యాహ్నం

స్టేట్‌మెంట్ ఇచ్చాను. ఆ చేతులు నావి.

ఆ టైంలో మీరు కంట్రోల్ రూమ్‌లో ఉన్నారు, లాగ్‌లో సంతకం ఉంది అన్నాడు ఆఫీసర్. ఉంది సార్, అయినా పన్నెండోవాణ్ని రాసుకోండి, నాది అబద్ధమైతే మిగతావాళ్లదీ, ఆ తల్లిదీ అంతే అన్నాను. ఆయన పెన్ను మూశాడు.

20 ఫిబ్రవరి

జోగులుని వదిలేశారు. ఫైల్‌లో: దోషి ఎవరో తెలియలేదు. నాకు మెమో. ఇవ్వనీ.

21 ఫిబ్రవరి

గేటు దగ్గర జోగులు. లాకప్‌లో ఏయించినావు, సరే భయ్యా, నా ముడి నీదని ఎలాగ సెప్పినావు అన్నాడు. ఇక నాతో మాట్లాడడట.