రాజేశ్వరమ్మ ఎవరి అంశ?

ఆగస్టు 3, ఆదివారం

మళ్లీ తొడ కొట్టాను. నాటకంలో నా వేషం అబిడ్స్‌లో చీరల దుకాణం నడిపే రాజేశ్వరమ్మ. ఆమె పట్టుచీర కట్టుకుని తొడ కొట్టడం! నాన్న వేసే పౌరాణికాలు చూస్తూ పెరిగిన పాపం ఇది. గర్వం అనగానే చెయ్యి తొడ మీదికే పోతుంది. రిహార్సల్లో అందరూ పగలబడి నవ్వారు. డైరెక్టర్ రఘు సార్ మాత్రం నవ్వలేదు.

"ఈమె దుర్యోధనుడు కాదమ్మా. ఎవరో నువ్వే పట్టుకో. వచ్చే ఆదివారం దాకా చూస్త. లేకుంటే వేషం వేరేటోళ్లకు ఇస్త."

ఇన్నేళ్లూ అత్త వేషాలు వేసీ వేసీ, ఇప్పటికి దొరికిన పెద్ద వేషం. ఇవ్వను. చచ్చినా ఇవ్వను.

ఆగస్టు 4

గన్‌ఫౌండ్రీ బ్యాంకులో నా కౌంటర్ ముందు జనం, నా బుర్రలో రాక్షసులు, రాజులు. రావణుడా? ఆయనకు పరాయి సొత్తు కావాలి. ఈమెకు ఎవరిదీ అక్కర్లేదు. హిరణ్యకశిపుడు? తననే మొక్కమన్నాడు. ఈమె, మొక్కితే కసురుకుంటుంది. నహుషుడికి కొత్తగా దొరికిన ఇంద్రుడి సింహాసనం తలకెక్కింది. ఈమెది తాతల నాటి దుకాణం.

అందరూ మగవాళ్లే, ఖర్మ! ఆడదాని అహంకారానికి పురాణాల్లో ఒక్క కుర్చీ అయినా వెయ్యలేదా?

ఆగస్టు 5

ఏమీ తట్టలేదు. మెట్రోలో డైలాగులు గొణుక్కుంటుంటే పక్కావిడ జరిగి కూర్చుంది.

ఆగస్టు 6

అమ్మ మణికట్టుకి ఇంకా కట్టు విప్పలేదు. అన్నం కలిపి ముద్ద పెట్టబోతే మొహం తిప్పేసుకుంది. "నేనేమన్న చిన్నపిల్లనా? గాడ పెట్టు." ఎడమ చేత్తో చెంచా. సగం చీర మీదే.

పక్కింటి పద్మక్క కూర తెచ్చింది. గిన్నె ఖాళీగా పోకూడదని అమ్మ నా చేత జామపండ్లు వేయించి పంపింది. ఊళ్లో ఉన్నప్పుడూ ఇంతే. వాకిట్లోకి వచ్చినవాళ్లను అన్నం పెట్టకుండా పంపలేదు, తను మాత్రం ఒకరింట్లో మంచినీళ్లు తాగలేదు.

ఒళ్లు మండింది. ఎందుకమ్మా ఇంత పొగరు నీకు, అనేశాను.

"పొగరేంది? పది మందికి పెట్టిన చెయ్యి ఇది," కట్టు చూపించింది.

చెంచా కడుగుతూ ఆగిపోయాను. బలి!

ఆగస్టు 7

బలి చక్రవర్తి. గురువు వద్దన్నా వినలేదు. అడిగేది విష్ణువని తెలిసీ ధార పోశాడు. దానం గొప్పదే... కానీ లోపలెక్కడో — దేవుడి చెయ్యి కింద, నా చెయ్యి పైన.

రాజేశ్వరమ్మ అచ్చం ఇంతే. పనివాళ్ల పెళ్లిళ్లు చేస్తుంది, ఎవరిచ్చిన చాయ్ కూడా తాగదు. చివరి సీనులో దుకాణం పోతుంది. పనివాడు యాదగిరి తన టిఫిన్ డబ్బా ముందు పెడతాడు. ఆమె చెయ్యి చాపాలి. ఇన్నాళ్లూ ఓడిపోయినదానిలా చాపాను. బలి మూడో అడుగుకు తనంతట తనే తల వంచాడు కదా. అలా చాపాలి.

ఆగస్టు 10, ఆదివారం

తొడ జోలికి పోలేదు. చెయ్యి లేవడానికి చాలాసేపు పట్టింది. యాదగిరి వేషం వేసే నవీన్ డైలాగ్ మరిచిపోయి నన్నే చూస్తున్నాడు. రఘు సార్ కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఔ. గిదే."

వేషం నాదే! ఎగిరి గంతెయ్యాలనిపించింది. తర్వాత నాంపల్లి స్టేషన్ ఎదురుగా చాయ్. "ఇయ్యాల నేను తాపిస్త అక్కా," అన్నాడు నవీన్. తాగాను.

ఆగస్టు 13

అమ్మ నా చేత జడ వేయించుకుంది. తనే పిలిచి! అన్నం మాత్రం ఇంకా చెంచాతోనే.

ఆగస్టు 17, ఆదివారం

మేకప్ రూమ్. మొదటి గంట కొట్టారు.

పొద్దున అమ్మ అడిగింది — "గా రాజేశ్వరమ్మ ఆఖర్ల తింటదా?" చూడు నువ్వే, అన్నాను. "తినకుంటేనే మంచిగుంటది."

రెండో గంట. తెర సందులోంచి చూశాను. ముందు వరసలో అమ్మ. పక్కన నవీన్ వాళ్లమ్మ పల్లీల పొట్లం చాపి ఏదో అంటోంది. అమ్మ వద్దని తల ఊపుతోంది. ఆవిడ చెయ్యి తియ్యలేదు. అమ్మ ఎడమ చెయ్యి ఒళ్లోంచి మెల్లగా లేచింది... కొంగు సర్దుకోవడానికేమో —

మూడో గంట.