నీలి పాలు

7 జూలై 1981

పొద్దున గ్లాసు కడుగుతుంటే చేతికి జిడ్డే తగల్లేదు. నిన్న స్కూలుకు వెళ్ళేముందు పాప కోసం నా పాలు పిండి పెట్టిన గ్లాసు అది. పాలలో కొవ్వుంటే జిడ్డు ఉండాలి కదా. మధ్యాహ్నం ఆ పాలు ఉగ్గుగిన్నెతో పట్టించేది మా పనిమనిషి చౌడక్క. పట్టిస్తుందనే అనుకుంటున్నాను.

పాపకు నాలుగు నెలలు. కాన్పుకని వచ్చి ఇంకా అమ్మ దగ్గరే ఉన్నాను. హిందూపురం ఆసుపత్రి కార్డులో నెలరోజులుగా ఒకటే అంకె. నాలుగు కిలోల తొమ్మిది వందలు.

8 జూలై

ధర్మవరం నుంచి అత్తమ్మ ఉత్తరం. ఈ నెల కూడా బరువు పెరగకపోతే నా పాలు మాన్పించి డబ్బా పాలు పెట్టాలట.

9 జూలై

లంచ్ బెల్ కాగానే చెప్పకుండా ఇంటికొచ్చాను. గ్లాసులో పాలు నీలంగా, పలచగా ఉన్నాయి. పొద్దున గ్లాసు మీద పెన్ను గీత పెట్టి వెళ్ళాను. మట్టం తగ్గలేదు. అంటే కొన్ని తీసి నీళ్ళు పోసింది. చౌడక్క కోడలు బాలింత. పాలు చాలడం లేదని తనే చెప్పింది.

ఏమ్మా, ఇంత బిరీన వచ్చినావు, అయ్యవార్లు తరిమేసినారా అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

10 జూలై

అమ్మ ముందే అడిగేశాను. చౌడక్క ఉగ్గుగిన్నె కింద పెట్టింది. నేను నీళ్ళు కలిపింటే ఈ చేతులు పడిపోనీ తల్లీ, పసిబిడ్డ నోటికాడిది తీసేదాని మాదిరి కనపడతాండానా అంది. అమ్మ, నోరు మూసుకో అంది. ఆమెనో, నన్నో తెలియలేదు.

రేపటినుంచి రావద్దన్నాను.

11 జూలై

అమ్మ చేతిలో పాప తాగలేదు.

12 జూలై, ఆదివారం, ఉదయం 6

ఎవరూ లేవకముందే రెండు గ్లాసుల్లో పిండాను. మొదట వచ్చినవి ఒకదాంట్లో. ఇక రావనుకున్నాక కూడా ఓపిగ్గా పిండినవి రెండోదాంట్లో. మొదటివి నీలం. రెండోవి చిక్కగా, మీగడ రంగులో ఉన్నాయి.

వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

13 జూలై

స్కూల్ ల్యాబ్‌లో, సైన్సు చెప్పే సిస్టర్ బ్రిజిట్ నేను పొద్దున అలాగే పిండి తెచ్చిన రెండు రకాల పాలతో రెండు స్లైడ్లు చేసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. మొదటిదాంట్లో అక్కడొకటి ఇక్కడొకటి గుండ్రటి బొట్టు. రెండోదాంట్లో కాలు పెట్టే సందు లేదు. కొవ్వంటే ఈ బొట్లేనట. ఒక్కోదాని చుట్టూ పలచని పొర ఉంటుందట. రొమ్ము లోపల గోడలకు పట్టుకుని ఉండి, చివరికిగానీ జారవట. రోజూ ఎంతసేపు పిండుతావు అని అడిగారు.

అసెంబ్లీ ఎనిమిదింటికి. ఐదు నిమిషాలు పిండి పరుగెత్తుతాను.

పాపకు రోజూ నేను పెట్టి వెళ్ళింది ఆ నీలి పాలే.

14 జూలై

చౌడక్క ఇంటికి వెళ్ళాను. గడప దగ్గర నిలబడ్డాను. పాప తాగుతాండాదా అని ఆమే అడిగింది.

నేను పుట్టినప్పుడు అమ్మకు పాలు పడలేదు. ఎనిమిది నెలలు నాకు పాలిచ్చింది చౌడక్క.