గుర్రానికి కాలు తగిలినందుకు

యశోదా, నా నడుము విరగలేదు; మొక్కుకున్న ఆకుపూజ ధైర్యంగా చేయించుకో.

నిన్న ఈ కిర్గిజ్‌స్థాన్ కొండల్లో గుర్రమెక్కాను. ఎక్కుతుంటే దాని పొట్టకు కాలు తగిలింది. చిన్నప్పుడు కంటోన్మెంట్ మైదానంలో నాన్న నేర్పినట్టే వంగి, మెడ తాకి కళ్లకద్దుకున్నాను. ముసలమ్మకు కళ్లు తిరిగాయనుకుని గుర్రాలాయన నన్ను దించేశాడు!

"మా అవ్వకేమీ కాల్యాప్పా, మొక్కుకుంటాండాది!" అని మనవరాలు తనూజ ఆయన మీద తెలుగులోనే అరిచింది. ఆయనకేం అర్థమైందో, తనూ మెడ తాకి కళ్లకద్దుకుని నన్ను మళ్లీ ఎక్కించాడు. పదమూడో ఏట అమ్మ దించేశాక, మళ్లీ ఎక్కు అన్నది ఈయనొక్కడే.

ఊరగాయ తిరగ కలిపావా? అటక మీది నాన్న జీనును మీ ఆయన పాతసామాన్లవాడికి వేసేస్తాడేమో, వేయనీకు. వచ్చి నూనె పట్టించాలి. పిల్లలకు ఆశీస్సులు. మీ ఆయనకు, జీను ఇంట్లో ఉంటేనే.

మీ అక్క,
పుష్పావతి