మరుగుజ్జుల కరణం రాసిన ఉత్తరాలు

రాస్ అల్ ఖైమా,
1 నవంబరు 2024, శుక్రవారం.

చిరంజీవి దీవెనకు,

నాన్న ఆశీస్సులు. నేను బాగున్నాను. నువ్వు, కరుణ పిన్ని, బాబాయి బాగుండాలని పొద్దున ప్రార్థన చేసుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

అమ్మ చివరి రోజు గురించి నీకు ఎవరమూ సరిగ్గా చెప్పలేదు. నీకు తొమ్మిదేళ్ళు నిండాయి కాబట్టి చెబుతున్నాను. ఈ ఏడాది మార్చి పందొమ్మిది, మంగళవారం. అమ్మ ఎప్పటిలాగే నీకు జడలు వేసి, తను ఆయాగా పనిచేసే నర్సరీ బడికి వెళ్ళింది. పదకొండింటికి తలనొప్పిగా ఉందని పిల్లల కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు. మెదడులో రక్తనాళం చిట్లిందని ఆసుపత్రిలో చెప్పారు. ఆ రోజు మా క్వారీలో పేలుడు ఉంది. పేల్చే రోజు ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో పెట్టి లోపలికి వెళ్తాం. పన్నెండున్నరకి వచ్చి చూస్తే పిన్ని పద్నాలుగుసార్లు ఫోను చేసి ఉంది. రోజూ షార్జాకి కంకర లారీ నడిపే కలీం ఉపవాసంలో ఉండి కూడా ఆఫీసు పికప్‌లో నన్ను ఆసుపత్రికి తెచ్చాడు. నేను చేరేసరికి అమ్మ పోయి ఇరవై నిమిషాలైంది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. గురువారం మట్టిలో పెట్టాం.

అంతే ఆ రోజు.

ఇక మరుగుజ్జుల రాజ్యం సంగతి. నీకు నాలుగేళ్ళప్పుడు, నాన్న కొండల్ని పేలుస్తాడని ఎవరో చెబితే భయపడి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అప్పుడు అమ్మ ఆ కొండ కింద ఒక రాజ్యం కట్టింది. జానెడు రాజు. ఆయన దగ్గర ఒక కరణం, ఆ కరణానికి మూరెడు గడ్డం. బల్లులు లాగే బళ్ళు, వెలిగే రాళ్ళతో వీధి దీపాలు. ఎండ ఎరగని వాళ్ళు కాబట్టి మా క్వారీ సైరనే వాళ్ళకి గడియారం. అది మూడుసార్లు మోగితే ఇంటింటా కుండలు అటక మీంచి దించి ఒళ్ళో పెట్టుకుంటారు.

నేను ఇంటికి రాగానే, ఈ వారం ఎన్ని కుండలు పగిలాయి నాన్నా అని అడిగేదానివి. రెండు అనేవాణ్ని. అమ్మ వంటింట్లోంచే, చాల్లెండి, మీ పేలుడికి రెండే పోయాయంటే రాజుగారే నమ్మరు, పాపం ఊరంతా దోసిళ్ళతో గంజి తాగుతున్నారంట అనేది. నువ్వు పడీపడీ నవ్వేదానివి. అది కథ అని మన ముగ్గురికీ తెలుసు.

అమ్మని మట్టిలో దించుతుంటే నువ్వు నా చొక్కా లాగి, జానెడు రాజు దగ్గరికేగా నాన్నా అన్నావు. నేను అవునన్నాను. అక్కడే తప్పు చేశాను. తర్వాతి వారం నువ్వు కరణం పేరు మీద ఉత్తరం రాసి, కొండలో పెట్టమని నాకిచ్చావు. వాళ్ళ మంచాలు చిన్నవి కదా, అమ్మకి కాళ్ళు పడతాయా అని అడిగావు. నేను ఆ రాత్రే ఎడమ చేత్తో జవాబు రాశాను. పదహారు మంచాలు కలిపి కట్టాం, దుప్పట్లు నలభై కుట్టించాం, మీ అమ్మగారు మాకు బూరెలు వండడం నేర్పుతున్నారు అని. దాంట్లో ఒక తెల్లరాయి చుట్టి కలీంతో పంపాను. అలా పదకొండు ఉత్తరాలు. వాటిలో ఒక్కటి కూడా కరణం రాయలేదు. అన్నీ నేనే రాశాను.

మీ పిన్ని నన్ను అప్పుడే హెచ్చరించింది. నువ్వు తనతో, పిన్నీ, నువ్వేమో అమ్మ పైనుందంటావు, నాన్నేమో కిందుందంటాడు, ఇద్దరూ ఒకసారి మాట్లాడుకోండి అన్నావట. చెబుతూ నవ్వింది, వెంటనే ఫోను పెట్టేసింది. నేను వినలేదు.

జూన్‌లో నువ్వు సమాధి దగ్గరికి వస్తానని, తలుపు కొట్టాలా వద్దా అని కరణాన్ని అడిగావు. రావద్దు, ఇక్కడొక చట్టం ఉంది, పైన అడుగు పడితే కింద దీపాలు వణుకుతాయి అని రాశాను. అది రాసి నేను మరిచిపోయాను. నువ్వు మరిచిపోలేదు.

నిన్న సాయంత్రం పిన్ని ఫోను చేసింది. బావగారండీ, పిల్ల నాలుగు నెలల్నుంచీ మునివేళ్ళ మీదే నడుస్తందండి, బళ్ళో తాడాట మానేసింది, కాలికేమైందోనని డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళొచ్చాం అంది. డాక్టరు కాళ్ళు బాగానే ఉన్నాయన్నాడట. చివరికి కూర్చోబెట్టి అడిగితే, గట్టిగా తొక్కితే అమ్మ మీద మట్టి రాలుద్ది అన్నావట. నాలుగో అంతస్తులో కూడా అలాగే నడుస్తున్నావట. కొండలు కొలిచే చదువు చదివారు కదండీ, పిల్ల అడుగు చూసుకోలేదా మీరు అని అడిగింది.

ఆ ఫోను పెట్టాక నీ చివరి ఉత్తరం మళ్ళీ చదివాను. రెండో తేదీ సమాధుల పండుగ అని, పిన్ని పూలు పట్టుకుని వెళ్తుందని, నిన్నూ ఒక్క రోజుకి రానివ్వమని రాజుగారికి చెప్పమని కరణాన్ని బతిమాలావు. చెప్పులు విప్పేసి మోకాళ్ళ మీద వస్తానన్నావు. అప్పుడు దీపాలు వణకవు కదా అని అడిగావు.

దానికి కరణం జవాబు రాయడు. నేను రాస్తున్నాను.

దీవెనా, అమ్మ చనిపోయింది. తిరిగి రాదు. పన్నెండేళ్ళుగా నేను ఆ కొండని కొలుస్తున్నాను. లోపల రాయే ఉంది. నువ్వు ఎంత గట్టిగా నడిచినా, గెంతినా, పరుగెత్తినా అమ్మకి ఏమీ కాదు. అమ్మకి ఇంక నొప్పి లేదు. పైనుందని పిన్ని నమ్ముతుంది. నేనూ నమ్మాలని ప్రయత్నిస్తున్నాను. నీకు తోచింది నువ్వు నమ్ము. నాన్న చెప్పాడని మాత్రం కింద ఉందని నమ్మకు.

అమ్మ చెప్పిన కథ నీదే, ఉంచుకో. నేను రాసిన ఆ పదకొండు కాగితాలు చింపేస్తావో దాస్తావో నీ ఇష్టం. కోపం వస్తే నా మీద పడు, పిన్ని మీద వద్దు. తను మొదటినుంచీ వద్దనే చెప్పింది.

ఎదురుగా ఉంటే ఇవన్నీ చెప్పలేను. అందుకే కలీంకి ఇచ్చి పంపుతున్నాను. కాగితం కోసం పక్కనే నిలబడి, ఈసారి రాయి లేదా సాబ్, చిట్టీ తేలిగ్గా ఉంటుంది అంటున్నాడు. పడుకునే ముందు చదువుకో. అర్థం కానిచోట పిన్నిని అడుగు.

ప్రేమతో,
నాన్న

తా.క. ఇంకొకటి ఉంది. పైన రాయకుండా తప్పించుకున్నాను.

దీపాల చట్టం అమ్మ కథలో లేదు. నేనే పుట్టించాను. నీ కోసం కాదు. మట్టి వేసి వచ్చిన తర్వాత నేను అమ్మ దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ప్రతి నెలా మొదటి శుక్రవారం వెళ్ళొస్తున్నానని పిన్నికి చెప్పేవాణ్ని. పిన్ని ఎప్పుడు రమ్మన్నా, నాకు ఒంటరిగా వెళ్ళడమే ఇష్టమనేవాణ్ని. ఆ శుక్రవారాల్లో షార్జాలో బస్సు దిగి, బస్టాండులోనే గంటసేపు కూర్చుని, మీ ఇంటికి వచ్చేవాణ్ని. నువ్వు వస్తానంటే నేను తీసుకెళ్ళాలి. అప్పుడు నేనూ చూడాలి. అందుకే కరణం చేత వద్దనిపించాను.

అమ్మ సమాధి ఎన్నో వరుసో కూడా నాకు గుర్తులేదు. కాపలా అతన్ని అడగాలి.

మా ముదీర్, అదే మేనేజరు, రేపటికి సెలవిచ్చాడు. రేపు పొద్దున ఐదున్నర బస్సెక్కి ఎనిమిదింటికల్లా మీ ఇంటి కింద ఉంటాను. నువ్వు దిగి వస్తే ఇద్దరం వెళ్దాం. దిగకపోతే పైకి వచ్చి పిలవను. రోలా బజారులో కొవ్వొత్తులు కొనుక్కుని ఒక్కణ్నే వెళ్తాను.