అన్ని ఇంజన్లకూ ఒకే నంబరు

జూన్ 6

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఫోన్లో అయితే నువ్వు "సరే అమ్మమ్మా" అని పెట్టేస్తావు. కాగితం మీద అడిగితే జవాబు చెప్పక తప్పదు. ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మీ మామయ్య నడక యంత్రం కొన్నాడు. మేడ మీది గదిలో నువ్వు కట్టిన రైలు బల్ల తీసేసి, నెలాఖరుకల్లా ఆ చోటు తనకిమ్మంటున్నాడు. "అది ఉద్యోగానికి వెళ్లిపోయిందిగా, ఇంకెవరికమ్మా ఆ బొమ్మలు?" అన్నాడు. ఒక పక్షం మాట విని తీర్పు చెప్పే అలవాటు నాకు లేదు. అందుకని నిన్న కళ్లజోడు తుడుచుకుని పైకెళ్లి స్వయంగా తనిఖీ చేశాను.

బల్ల మీద ఊరు ముచ్చటగానే ఉంది. బల్ల కింద మాత్రం దువ్వని జుట్టులా వైర్లు వేలాడుతున్నాయి. నేను పెంచిన పిల్ల చేసిన పనిలా లేదు. నువ్వు గోడకు అంటించిన కాగితం చదివి, రైళ్లు నడిపే చేతిపెట్టె మీద మూడు నొక్కి చక్రం తిప్పాను. ఎర్ర ఇంజను కదిలింది. సంతోషం. కానీ అవతలి కొసన, ఎవరూ పిలవని నీలం ఇంజను కూడా కదిలింది! ఎర్రది ఆపితే అదీ ఆగింది. దాన్ని నడిపిందెవరు? చక్రం నా చేతిలోనే ఉందే! వివరంగా రాయి.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: ఉన్నచోటే నిలబడి నడవడం మాత్రం పెద్దవాళ్ల పనా అని మీ మామయ్యని అడిగాను. కిందికి వెళ్లిపోయాడు.

జూన్ 11

అమ్మమ్మకు నమస్కారాలు.

నువ్వు రైలు నడిపావా! నిజంగా? ఉత్తరం రెండుసార్లు చదివాను.

భయపడకు, దయ్యం కాదు. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఏ ఇంజను కదలాలో చెప్పేది నంబరు. ప్రతి ఇంజను కడుపులో ఒక చిన్న చిప్పు ఉంటుంది, తన నంబరు వినపడితేనే అది కదులుతుంది. కొత్త ఇంజన్లన్నీ ఫ్యాక్టరీ నుంచి మూడో నంబరుతోనే వస్తాయి. ఎర్రదానికి మూడే ఉంచేశాను. నీలందానికి వేరే నంబరు పెట్టేలోపే నాకు ఉద్యోగం వచ్చేసింది.

ఆ నంబరు నువ్వే పెట్టెయ్యి. మిగతా ఇంజన్లన్నీ దించేసి, నీలందాన్ని ఒక్కదాన్నే పట్టాల మీద ఉంచు. పెట్టె మీద పసుపు బొత్తం నొక్కి, ఇరవై ఏడు కొట్టు. అంతే.

అమ్మమ్మా, ఆ బల్లకి నాలుగేళ్లు పట్టింది. మామయ్యతో కాస్త నువ్వే మాట్లాడు.

నీ మనవరాలు

తా.క.: స్టేషన్ ముందు గొడుగు పట్టుకుని, ఆలస్యంగా వచ్చిన రైలు వంక కోపంగా చూస్తున్న బొమ్మ నువ్వే. కొట్టకు.

జూన్ 16

చిరంజీవి మనవరాలికి ఆశీస్సులు.

నీ సూచన అమలు చేశాను. ఫలితం రాస్తున్నాను.

మిగతా ఇంజన్లను దించలేదు. నేను ఆలోచించే ఆ పని మానేశాను. ఇదివరకే పేరున్న వాళ్లు, పక్కవాళ్లకి పేరు పెడుతుంటే విని తమ పేరు మార్చుకోరు కదా? నీ ఇంజన్లు మార్చుకున్నాయి. ఇప్పుడు అన్నీ ఇరవై ఏడే. చక్రం తిప్పగానే బడి గంట విన్న పిల్లల్లా ఒక్కుమ్మడిగా బయల్దేరాయి. వంతెన దగ్గర గూడ్సు వచ్చి ఎర్రదాన్ని గుద్దింది. ఆ అదురుకి స్టేషన్ ముందున్న నేను గొడుగుతో సహా నదిలో పడ్డాను. నదిలో నీళ్లు లేవు, ఇన్నాళ్లకీ ఆరని జిగురు ఉంది. ఇంకా అక్కడే ఉన్నాను.

ఇంకొకటి. చక్రాలు కీచుమంటున్నాయని కుట్టుమిషన్ నూనె తెచ్చి పట్టాలన్నిటికీ పట్టించాను. ఇప్పుడు ఒక్క ఇంజనూ కొండ ఎక్కదు. చక్రాలు తిరుగుతాయి, బండి కదలదు. అచ్చం మీ మామయ్య యంత్రమే.

ఇప్పుడు జవాబు చెప్పు. ఎవరి నంబరైనా ఎవరైనా తీసుకునే పద్ధతి ఎవరు పెట్టారు? ఎదురెదురుగా వచ్చే రెండు బళ్లను ఒకే దారిలోకి వదలడం ఏం తెలివి? సిగ్నళ్లు వెలుగుతున్నాయి గానీ వాటి మాట ఏ బండీ వినదేం? ఈ అస్తవ్యస్తానికి బాధ్యులెవరు?

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: గుద్దుకున్న చప్పుడుకి మీ మామయ్య పైకొచ్చాడు. "చూశావా, నేను చెప్పలా?" అన్నాడు. తర్వాత "ఏదీ, ఇంకోసారి గుద్దించు" అన్నాడు. మందలించి పంపాను.

జూన్ 20

అమ్మమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. బోనులో నిలబెట్టి అడిగినట్టుంది. తప్పంతా నాదే. నీ వయసులో నిన్ను ఆ వైర్ల మధ్య పెట్టి నేను ఇక్కడ కూర్చోవడం బాగాలేదు. నీకు ఎంత విసుగొచ్చిందో అర్థమైంది.

అందుకే ఒక నిర్ణయం తీసుకున్నాను. మన ఊళ్లోనే రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఒకాయన, రెండు ఇంజన్లు కొనుక్కుని ఇలాంటి బల్ల కోసం చూస్తున్నారని తెలిసింది. బేరం మాట్లాడేశాను. ఆదివారం వ్యాను తీసుకుని వస్తారు. బల్ల, ఇంజన్లు, కొండ, అన్నీ ఇచ్చెయ్యి. గది మామయ్యకే.

నీ మనవరాలు

తా.క.: నేనేం ఏడవలేదు. కాగితం మీద మరకలు వాన చినుకులవి.

జూన్ 25

చిరంజీవి మనవరాలికి ఆశీస్సులు.

మీ ఊరి వాతావరణం పేపర్లో చూశాను. చుక్క వాన లేదు.

నేను నిన్ను నాలుగు ప్రశ్నలు అడిగాను. నువ్వు ఒక్కదానికీ జవాబు రాయకుండా బల్ల అమ్మేశావు! తెలియక అడిగితే శిక్ష వేసినట్టా? నాకు విసుగని ఎవరు చెప్పారు? ఇన్నేళ్లకి నాకు అర్థం కానిది ఒకటి ఇంట్లోనే దొరికిందని నేను సంబరపడుతుంటే!

మాస్టారు వ్యానుతో వచ్చారు. ఆ నాలుగు ప్రశ్నలూ ఆయన్ని అడిగాను. ఆయనకి రెండే తెలుసు. మిగతా రెండిటికీ ఇద్దరం నేల మీద కూర్చుని వైర్లు పట్టుకుని వెతికాం. మీ మామయ్య బల్ల కింద దూరి టార్చి పట్టాడు. పట్టాలు స్పిరిటుతో తుడిచి, ఇంజన్లన్నీ దించి, ఒక్కొక్కదాన్నే ఎక్కించి నంబర్లు పెట్టాం. నీలంది కొండ ఎక్కినప్పుడు మీ మామయ్య అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు వచ్చారు.

తర్వాత బల్ల విప్పడానికి మాస్టారు స్క్రూడ్రైవరు తీశారు. నేను ఆయన వంక కోపంగా చూశాను. ఆయన దాన్ని జేబులో పెట్టేసుకున్నారు. "మరి వ్యాను ఖాళీగా వెళ్లాలా అండీ?" అన్నారు పాపం. డాక్టరు ఆయన్ని రోజూ నడవమన్నాడట. మీ మామయ్యే మెట్ల దగ్గరున్న నడక యంత్రాన్ని మోసుకెళ్లి వ్యానులో పెట్టి, తాళ్లు కట్టి మరీ పంపాడు. మాస్టారు ఆదివారాలు తన రెండు ఇంజన్లతో ఇక్కడికే వస్తారు.

ఇక జరగవలసినవి:

1. మాస్టారికి నువ్వే ఫోన్ చేసి, బేరం రద్దని మర్యాదగా చెప్పాలి.

2. ఇద్దరు డ్రైవర్లకి ఒక దారి చాలదు. రెండో పట్టా ఎటు వెయ్యాలో బొమ్మ గీసి పంపాలి.

3. మీ మామయ్య మధ్యాహ్నం నేను పడుకున్నప్పుడు రైలు హారన్ కొట్టకూడదు. నా మాట వినడు, నువ్వు చెప్పాలి.

4. ఎర్ర ఇంజను సొరంగంలో ఆగిపోయింది. మీ మామయ్య చెయ్యి దూరదు. నాది దూరుతుంది గానీ అందదు. ఏం చెయ్యాలో రాయాలి. క్షమాపణ వద్దు. జవాబు రాయి.

ఇట్లు,
అమ్మమ్మ