టర్బో మింగిన చీర ముక్క

కనకవ్వక్కా, సూరత్‌లో నేను బాగానే ఉన్నాను, జ్వరం లేదు. ఫోన్ చేస్తే నాతో గదిలో ఉండే తోటి మెకానిక్ దేవదాస్ వింటాడని కార్డు రాస్తున్నాను.

లాక్‌డౌన్‌లో మా మెకానిక్ షెడ్డు మూసేటప్పుడు, ఎలుకలు దూరకుండా రేసు కారు టర్బో గొట్టంలో, అంటే ఇంజిన్‌లోకి గాలి తోసే దాంట్లో, గుడ్డ కుక్కాను. నువ్వు తొక్కు సీసాకు చుట్టిచ్చిన నీ పాత చీర ముక్కే. తీయడం మరిచిపోయాను. నిన్న షెడ్డు తెరిచి ఇంజిన్‌కు రేస్ ఇవ్వగానే టర్బో దాన్ని లోపలికి లాక్కుంది, రెక్కలు విరిగి ఇంజిన్ పోయింది.

టర్బో ప్రెజర్ చూసేది వాడేనని షెడ్డు యజమాని సేఠ్ దేవదాస్‌నే తిట్టాడు. వాడేమో "గాలి ప్రెజర్ నేనే జర ఎక్కువ పెట్టిన్నేమో అన్నా" అని నన్నే అడుగుతున్నాడు. తప్పు నాదని ఇంకా చెప్పలేదు.

బర్రె ఈనిందా? బాపును మాస్కు లేకుండా బయటికి పోనివ్వకు. పిల్లలకు దీవెనలు.

రేపు ఇంజిన్ విప్పుతారు, నీ చీర పూలు బయటపడతాయి. ఈ కార్డు చేరేసరికి నేనే నిజం చెప్పేసి ఉంటాను. లేకపోతే పారిపోయి వచ్చి, కార్డు కంటే ముందే నీ గడపలో ఉంటాను.

నీ తమ్ముడు ఓంకార్